ఆపుకున్న తుమ్ములు

1974 ఫిబ్రవరి 18, సోమవారం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గాని ఆ ఏడు ఇంకా పోలేదు. పొద్దున వరంగల్లో దట్టంగా మంచు పట్టింది. మట్టెవాడ సందుల్లో ఎదురుగా వచ్చే రిక్షా కనిపించేది కాదు, దాని గంట మాత్రం వినిపించేది. పదకొండుకల్లా మంచు విడిపోయి ఎండ చురుక్కుమంది. మధ్యాహ్నం తర్వాత పొడిగాలి లేచి, మార్కెట్లో కుప్పలు పోసిన ఎండుమిర్చి ఘాటును మోసుకొచ్చి ఇళ్ళమీద పోసింది.

మిర్చి సీజన్లో వరంగల్ మనిషినీ పై ఊరి మనిషినీ గుర్తుపట్టడం సులువు. రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే దగ్గేవాడు పై ఊరివాడు. ఊరివాళ్ళు దగ్గరు, కళ్ళు తుడుచుకుంటారు, అంతే. ఒకసారి మద్రాసు నుంచి వచ్చిన ఇన్సూరెన్సు ఆయన ఒకడు, దుకాణాల్లో అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే చూసి, ఊళ్ళో పెద్దమనిషి ఎవరో పోయారనుకుని తానూ చెప్పులు విడిచి నిలబడ్డాడట. అతనికి ఆ రోజు ఎన్ని పాలసీలు వచ్చాయో తెలియదు. ఆ సంగతి వేరు.

వీరభద్రానికి అప్పటికి నలభై దగ్గరపడుతున్నాయి. అన్న వెంకట్రాజంతో కలిసి మిర్చి అడ్తి నడిపేవాడు. అడ్తి అంటే రైతు తెచ్చిన సరుకును కొనేవాడికి అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే దుకాణం. అన్న గద్దె మీద కూర్చుని వ్యవహారం చూసేవాడు, తమ్ముడు సరుకు చూసేవాడు. కాయను విరిచి, గుప్పిట్లో పట్టి, రంగు చూసి తెల్లబారిన తాలుకాయ ఎంత కలిసిందో చెప్పేవాడు. అంతా కంటితో, చేతితోనే. ముక్కుతో పని లేదు. ఆ ముక్కు అప్పటికి పదేళ్ళుగా మూసుకుని ఉంది.

సావిత్రితో పెళ్ళయిన మరుసటి ఏడు ఒక జలుబు చేసింది. అందరికీ చేసేలాంటిదే. అందరిదీ తగ్గింది, వీరభద్రానిది తగ్గలేదు. కుడి రంధ్రం పూర్తిగా, ఎడమది ముప్పాతిక పూడుకుపోయాయి. ముక్కు ఎర్రగా వాచి, ముట్టుకుంటే కనుబొమల దాకా సలిపేది. నోటితోనే గాలి పీల్చుకోవాలి కనుక అన్నం నములుతూ మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ నమిలేవాడు. మిర్చి అనబోతే బిర్చి అని వచ్చేది. రైతులకు అలవాటైపోయి, ఆయనతో మాట్లాడేటప్పుడు మర్యాదకు వాళ్ళూ బిర్చి అనేవారు.

ముక్కు మూసుకుందే గాని, లోపలికి వెళ్ళిన వాసనలు మాత్రం ఎటూ పోలేదు. అవి ఆ వాపులో ఎక్కడో ఇరుక్కుని, గోదాములో వెనక వరస బస్తాల్లాగా నిలవ ఉండిపోయాయి. వీరభద్రం తుమ్మితే వాటిలో ఏదో ఒకటి ఊడి బయటపడేది. ఇల్లంతా నిండి, దీపాలు పెట్టేవేళ దాకా నిలిచి, తర్వాత పోయేది. ఒకసారి పోయింది మళ్ళీ రాదు. ఇంట్లోవాళ్ళకు అది వింత కాదు, ఇబ్బంది. ఏకాదశి ఉపవాసంతో వదిన సుగుణ కడుపు మాడ్చుకుంటుంటే ఈయన తుమ్మేవాడు, ఎన్నడో ఎవరింట్లోనో కాగిన నూనెలో వేగిన గారెల వాసన వచ్చేది. పక్కింటివాళ్ళు గోడమీదుగా తొంగిచూసి, ఒక్కదానివే తింటున్నవా సుగుణమ్మా అని దెప్పేవారు. వీరభద్రానికి మాత్రం ఏదీ తెలిసేది కాదు. ఏం వచ్చిందని అడిగి తెలుసుకునేవాడు.

ఆ సోమవారం సాయంత్రం ఆయన దుకాణం నుంచి తొందరగా వచ్చి వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సుగుణ చాటలో బియ్యం చెరుగుతోంది. పొద్దున దుకాణంలో మిర్చి ఊడ్చి, సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోమే మల్లక్క బావి దగ్గర ఉంది. వీరభద్రం కూతురు శారద, ఆరేళ్ళది, గడప మీద కూర్చుని గచ్చకాయలు ఆడుకుంటోంది. వీరభద్రం రెండుసార్లు తుమ్మాడు. ఒక్క తుమ్మయితే అపశకునం, రెండయితే శుభం అంటారు.

కుంకుడుకాయతో తలంటుకుని సాంబ్రాణి పొగలో ఆరబెట్టుకున్న జుట్టు వాసన వచ్చింది. దాని కింద గంజి పెట్టిన నూలుచీర, పసుపు, నోట్లో నానుతున్న వక్క, మెడ దగ్గరి చెమట. సుగుణ చేతిలో చాట ఆగిపోయింది. మల్లక్క బూడిదచేతులతోనే లేచి నిలబడి, కొంగు తలమీదికి లాక్కుంది. ఆ ఇంట్లో సావిత్రి ఎదురుపడితే ఆమె అలాగే లాక్కునేది. సావిత్రి కామెర్లతో పోయి ఆరేళ్ళయింది. శారద అప్పటికి పాలు మరవని పిల్ల.

శారద గచ్చకాయలు వదిలేసి లోపలికి పరిగెత్తింది. వంటిల్లు చూసింది, అర్ర చూసింది, తలుపుల వెనక చూసింది. తిరిగొచ్చి అడిగింది.

"పెద్దమ్మా, మనింటికి ఎవలచ్చిన్రు?"

 వీరభద్రం తువ్వాలతో ముక్కు తుడుచుకుంటూ అందరి మొహాలూ చూశాడు.

"ఏమచ్చింది వదినా? గారెలా?"

"సావిత్రి," అంది సుగుణ.

ఆయన లేచాడు. గోడల దగ్గరికి, దండెం మీది బట్టల దగ్గరికి పోయి ముక్కు ఆనించాడు. ఎడమ రంధ్రాన్ని వేళ్ళతో విడదీసి పట్టుకుని బలంగా గాలి లాగాడు. నెత్తురు వచ్చింది తప్ప ఇంకేమీ రాలేదు. దీపాలు పెట్టేదాకా అలాగే తిరిగాడు. శారద ఆ వాసనలో బల్లమీద బోర్లాపడుకుని నిద్రపోయింది. సుగుణ దీపం వెలిగించి వచ్చి, అయిపోయింది మర్దీ, కూసో, అని చెప్పింది.

ఆ మర్నాటి నుంచి వీరభద్రం తుమ్ములు ఆపుకోవడం మొదలుపెట్టాడు.

ఆయనది వ్యాపారి లెక్క. ధర లేనప్పుడు సరుకు బయటికి తీయకూడదు. ముందు ముక్కు తెరిపించుకోవాలి, అప్పుడు నిమ్మళంగా కూర్చుని తుమ్ముకోవాలి, సావిత్రిని తాను పీల్చుకోవాలి. మూసుకున్న ముక్కుతో ఆమె పక్కన నాలుగేళ్ళు పడుకున్నాడు కనుక సరుకు కొంచెం కాదు, చాలానే ఉండాలి. తుమ్ము వస్తుందనగానే బొటనవేలు ముక్కు కింద అదిమి, నాలుక అంగిట్లోకి నొక్కేవాడు. కళ్ళు ఎర్రబడేవి, చెవుల్లో టప్పుమనేది, తుమ్ము వెనక్కి పోయేది. మిర్చి మార్కెట్లో బతుకుతూ తుమ్మకుండా ఉండటం ఎలాంటిదో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది.

విచిత్రం ఏమిటంటే దీనివల్ల దుకాణానికి పేరు వచ్చింది. అప్పట్లో పెద్ద బేరాలు నోటితో చెప్పేవారు కాదు, అడ్తివాడూ కొనేవాడూ చేతులమీద రుమాలు కప్పుకుని దానికింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవారు. ఆ సమయంలో ఎవరైనా తుమ్మితే బేరం చెడినట్టే, చేతులు విడిపించుకుని మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాలి. వీరభద్రంతో ఆ భయం లేదు. తుమ్మని సేటు అని రైతులు వెతుక్కుంటూ వచ్చేవారు. వెంకట్రాజానికి సంతోషమే గాని, తమ్ముడి కళ్ళు చూస్తే భయం వేసేది.

"గోదాంల పెట్టిన సరుకు తరుగు పోతదిరా," అనేవాడు. "మిర్చి అమ్మేటోనివి, నీకు నేను జెప్పాల్నా?"

వైద్యాలు మొదలయ్యాయి. పసుపుకొమ్మును దీపానికి కాల్చి పొగ పీల్చాడు. వాము మూటగట్టి వాసన చూశాడు. చూశాడంటే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక హకీం నల్లటి లేపనం ఇస్తే మూడు నెలలు రాసి, నుదుటిమీద చర్మం ఊడగొట్టుకున్నాడు. హసన్‌పర్తి నుంచి ఒక యోగా మాస్టరు వచ్చి, కొమ్ముచెంబుతో ఉప్పునీళ్ళు ఒక ముక్కులో పోస్తే రెండో ముక్కులోంచి వస్తాయన్నాడు. నీళ్ళు రెండో ముక్కులోంచి రాలేదు, నోట్లోంచి వచ్చి మాస్టరు ధోవతి మీద పడ్డాయి. ఆయన మంచివాడు, ధోవతి పిండుకుంటూ, ఓపిక ఉండాలని చెప్పి వెళ్ళాడు. నస్యం పట్టమని కొందరు సలహా ఇచ్చారు. పొడుం పేరు వింటేనే వీరభద్రం లేచిపోయేవాడు. ముక్కును తెరిచే మందు కావాలి గాని తుమ్మించే మందు వద్దు ఆయనకు.

అన్నిటిలో నిలిచింది ఆవిరి ఒక్కటే. మసిలే నీళ్ళలో వావిలాకు, పసుపు వేసి, పొద్దునా సాయంత్రం దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. శారద కాస్త పెద్దదయ్యాక ఆ పని ఆమెకు వచ్చింది. గిన్నె ఎదురుగా పట్టుకుని, దుప్పటి అంచులు సర్దుతూ, తండ్రి మొహంలో మొహం పెట్టి కూర్చునేది. పిల్ల ఎంత సేవ చేస్తోందని చుట్టాలు మెచ్చుకునేవారు. నిజానికి ఆమె తుమ్ము కోసం కాచుకుని ఉండేది. తల్లిని చూసిన గుర్తు ఆమెకు లేదు. ఫోటో లేదు. ఆ ఒక్క సాయంత్రమే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వీరభద్రం భోంచేసి నిద్రపోతుంటే, ఆమె చీపురుపుల్ల తెచ్చి ఎడమ రంధ్రంలో మెల్లగా తిప్పింది. ఆయన ఉలిక్కిపడి లేచి, బొటనవేలు అదిమి తుమ్ము మింగేసి, రెండో చేత్తో ఆమె చెంప మీద కొట్టాడు. బిడ్డను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఎందుకే?"

"అమ్మ గావాలె."

"నాకు గావద్దా?" అన్నాడు. "నీకైతె ఒక్కపారన్న దొరికింది. నాకు పక్కల పండుకున్నా దొరకలే."

"నీ ముక్కు ఎన్నటికీ తెరువది బాపూ."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అవతలి అర్రలోంచి సుగుణ, చచ్చినదాని కోసం తండ్రీబిడ్డలు కొట్లాడుకునుడు ఈ ఇంట్లనే చూస్తున్న, అని గొణిగింది. గొణిగింది గాని, ఆ సాయంత్రం శారదకు తల దువ్వుతూ, సావిత్రి కుంకుడుపులుసులో గుప్పెడు మెంతులు కూడా వేసేదని చెప్పింది. శారద ఆ ముక్కనూ దాచుకుంది.

హనుమకొండలో రాజేశ్వర్ రావు అని చెవి ముక్కు గొంతు డాక్టరు దవాఖాన పెట్టాక వెంకట్రాజం తమ్ముణ్ణి బలవంతంగా తీసుకుపోయాడు. డాక్టరు నుదుటికి అద్దం కట్టుకుని లోపలికి వెలుతురు కొట్టి చాలాసేపు చూశాడు. దూలం వంకర ఉంది, రెండు వైపులా కండ పెరిగింది, చెంప ఎముకల్లో చీము నిలిచింది అన్నాడు. రెండు సంగతులు చెప్పాడు. మిర్చి మానెయ్యాలి, తుమ్ము ఆపకూడదు. ఆపిన ప్రతి తుమ్మూ చీమును పైకి తోస్తుంది, పైన ఉన్నవి కన్నూ మెదడూ.

సూదితో పొడిచి లోపల కడిగే వైద్యం ఒకటుంది. కడుగుతుంటే తడిసిన గోనెసంచి వాసన, దాని వెంట పోపు వేసిన పెరుగన్నం వాసన వచ్చాయి. కాంపౌండరుకు ఆకలేసి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇది ఏ సంవత్సరంది?" అని అడిగాడు డాక్టరు, జ్వరం ఎన్నాళ్ళుగా ఉందని అడిగినట్టు.

"నాకేం తెలుస్తది డాక్టర్ సాబ్, నాకు వాసన రాదు గద," అన్నాడు వీరభద్రం. కడిగేటప్పుడు ఏది వస్తుందో ఏది ఉంటుందో మీ చేతిలో ఉంటుందా అని అడిగాడు. లేదన్నాడు డాక్టరు. వీరభద్రం మళ్ళీ కడిగించుకోవడానికి పోలేదు.

ఆ తర్వాతి ఏళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మార్కెట్టు ఊరి చివర ఎనుమాముల యార్డుకు మారింది. రుమాలు బేరాలు తగ్గి నోటితో వేలంపాటలు వచ్చాయి. యార్డు పెద్దది, మిర్చి దుమ్ము కూడా పెద్దదే. వీరభద్రం మొహం మొత్తం వాచినట్టు ఉండేది. వంగితే నుదురు పగిలిపోయేట్టు నొప్పి, అందుకని చెప్పులు కూడా నిలబడే వేసుకునేవాడు. శారద ఇంటర్ పాసయింది. హైదరాబాద్‌లో టీచర్ ట్రెయినింగ్‌కు సీటు వచ్చింది, హాస్టల్లో ఉండాలి. వెంకట్రాజమే రేకుపెట్టె కొనిచ్చాడు, సుగుణ అందులో బట్టలు సర్దింది.

1984 వానాకాలంలో వీరభద్రం ఎడమకన్ను పొంగింది. డాక్టరు ఈసారి అడగలేదు, ఆపరేషన్ చేస్తానని చెప్పాడు. ముక్కు తెరుచుకుంటుందా అని వీరభద్రం అడిగితే, తెరుచుకుంటుంది, ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. ఆ మాట విన్నాక వీరభద్రం రిక్షాలో ఇంటికి వస్తూ పాట హమ్ చేశాడని వెంకట్రాజం తర్వాత చెప్పుకునేవాడు. మూసిన ముక్కుతో ఆ పాటేదో ఆయనకు అర్థం కాలేదట. ఆపరేషన్ ముందురోజు శారదను పిలిచి, కట్టు విప్పినంక తుమ్ముతానని, ముందు తాను పీల్చుకుని తర్వాత ఆమెను లోపలికి పిలుస్తానని, హైదరాబాద్ పోయేలోపే నీ పాలు నీకిస్తనని చెప్పాడు. ఆమె తలూపింది.

ఆపరేషన్ మధ్యాహ్నం మొదలైంది. బయట వాన. సుగుణ ఫ్లాస్కులో చాయ్ తేవడానికి వెళ్ళింది. శారద ఒక్కతే థియేటర్ ముందు బెంచీ మీద కూర్చుంది. కొంతసేపటికి తలుపు కింది సందులోంచి వాసనలు రావడం మొదలైంది. గోనె, తాలుకాయ, కిరోసిన్, గారెలు, కొత్త కుండలో నీళ్ళు. వరండాలో ఉన్న రోగుల తాలూకు మనుషులు, స్ట్రెచర్ వస్తే జరిగినట్టుగా కాస్త జరిగి వాటికి దారిచ్చారు. ఆ తర్వాత కుంకుడుకాయ వచ్చింది.

శారద లేచింది. లోపల తండ్రి మత్తులో ఉన్నాడు. ఆమె తలుపు మీద చెయ్యి పెట్టింది, తట్టలేదు. ఓణీ లాగి తలుపు కింది సందులో కుక్కింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా అదిమి పట్టుకుంది. ఆగలేదు. ఓణీలోంచి, తలుపు పక్కల్లోంచి వస్తూనే ఉంది, అదంతా సావిత్రే. తలంటుకున్న సావిత్రి, పొయ్యి ఊది పొగచూరిన సావిత్రి, కడుపుతో ఉండి పచ్చిమామిడి కొరికిన సావిత్రి, కామెర్లకు పసరు తాగి వాంతి చేసుకున్న సావిత్రి. నాలుగేళ్ళూ ఒక్క మధ్యాహ్నంలో వచ్చేశాయి. ఆపడం తన చేతకాదని తెలిశాక ఆమె చేతులు తీసేసి, అక్కడే నేలమీద కూర్చుని పీల్చుకుంది.

సుగుణ ఫ్లాస్కుతో వచ్చి వరండా మొదట్లోనే ఆగింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. వరండాలో లైట్లు వేసేదాకా ఇద్దరూ అక్కడినుంచి లేవలేదు.

రెండురోజులకు ముక్కులోని గుడ్డ తీశారు. వీరభద్రం అందరినీ బయటికి పంపి, తలుపు వేసుకుని తుమ్మాడు. వాళ్ళు బయట నిలబడి విన్నారు. పిలవలేదు. చివరికి శారదే తలుపు తీసింది. ఆయన మంచం మీద కూర్చుని గాలి పీలుస్తున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆయనకు టించరు వాసన, నెత్తురు వాసన, వానకు తడిసిన సున్నం వాసన తెలిశాయి. అవన్నీ ఒక్కొక్కటే చెప్పాడు. తర్వాత అడిగాడు.

"అది రాలే. నేను మత్తుల ఉన్నప్పుడు బయటికి పోలేదు గద?"

సుగుణ కిటికీ వైపు తిరిగింది.

"పోలే బాపూ," అంది శారద. "లోపలనే ఉన్నది. జర లోతుకున్నట్టున్నది."

ముక్కు దసరా దాకా తెరిచి ఉంది. తెరిచి ఉన్నన్నాళ్ళూ ఆయన యార్డులో పై ఊరివాడిలా దగ్గేవాడు. పొద్దునా సాయంత్రం ఇంటి వెనక కూర్చుని తుమ్మడానికి ప్రయత్నించేవాడు. మిర్చి దుమ్ము తప్ప ఏదీ రాలేదు. దసరా తర్వాత కండ మళ్ళీ పెరిగి రెండు వైపులా మూసుకుంది. ఆయన మళ్ళీ బొటనవేలు అదమడం మొదలుపెట్టాడు, ఈసారి ఇంకా జాగ్రత్తగా.

శారద హైదరాబాద్ పోలేదు. కాలేజీ తెరిచిన వారమే రేకుపెట్టెలోంచి బట్టలు తీసి దండెం మీద వేసింది. బాపుకు ఆవిరి ఎవరు పడతారని వెంకట్రాజంతో అంది. ఆయన నమ్మాడు. సుగుణ నమ్మలేదు. ఒకరోజు బావి దగ్గర పట్టుకుని నిలదీసింది.

"నిజం జెప్పి పో బిడ్డా. రెండొద్దులు ఏడుస్తడు, ఊకుంటడు."

"ఊకున్నంక దేనికోసం లేస్తడు పెద్దమ్మా?"

సుగుణ బావిలోకి చేద వదిలింది. ఇద్దరి పాలూ ఒక్కదానికే ముట్టిందని, ముట్టిన మనిషి ముట్టని మనిషిని వదిలి ఎట్లా పోతుందని శారద అనుకుందేమో. ఆమె రోజూ తెల్లారి వావిలాకు కోసుకొచ్చేది, నీళ్ళు కాచేది, దుప్పటి కింద తండ్రి మొహంలో మొహం పెట్టి కూర్చునేది. ఇప్పుడు తుమ్ము కోసం చూసేది కాదు. సంబంధాలు ఒకటి రెండు వచ్చాయి. తండ్రి దగ్గరే ఉంటానంటే వచ్చినవాళ్ళు చాయ్ తాగి పోయారు.

అలా ఐదేళ్ళు. డాక్టరు చెప్పినట్టే చీము పైకి ఎక్కింది. 1989 చలికాలంలో ఎడమకన్ను మూసుకుపోయి, విడవని జ్వరం పట్టింది. దవాఖానలో సూదిమందులు ఇచ్చి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వాకిట్లో ఎండ పడేచోట మంచం వేశారు. ఒక మధ్యాహ్నం ఆయన శారదను దగ్గరికి పిలిచాడు. సుగుణ, మల్లక్క కొంచెం దూరంలో ఉన్నారు, వెంకట్రాజం వసారాలో కూర్చున్నాడు.

"నాకింక తెరువది," అన్నాడు. "నాతోటి కాష్టంల పోతే ఎవలకొస్తది? దగ్గరికి రా. నీకే ఇస్త."

శారద వద్దంది. ఉంచుకొమ్మంది. నయమవుతుందంది. ఆయన వినలేదు. తుమ్ము వచ్చింది, బొటనవేలు అడ్డం పెట్టలేదు. మంచంతో సహా ఊగిపోయి తుమ్మాడు.

శారద కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చింది. ఏ వాసనా లేదు.

"అచ్చిందా?"

"అచ్చింది బాపూ."

"ఎట్లున్నది?"

ఆయన ఒంటికన్నుతో ఆమె మొహాన్నే చూస్తున్నాడు. శారద చెప్పడం మొదలుపెట్టింది. కుంకుడుకాయ ముందు తెలుస్తుందని, అందులో మెంతులు కూడా ఉన్నాయని చెప్పింది. గంజి చీర మెడ దగ్గర చెమటకు మెత్తబడితే ఎలా ఉంటుందో చెప్పింది. నోట్లో వక్క, వేళ్ళకు పొయ్యి బూడిద, పసుపు పూసుకున్న కాళ్ళు, పచ్చిమామిడి సొన. ఏమీ కల్పించలేదు, అన్నీ ఆమె దగ్గర ఉన్నవే. ఆయన నోరు తెరుచుకుని వింటూ, మధ్యలో, పొయ్యి పొగ ఉన్నదా అని అడిగాడు. ఉన్నదంది. గొంతు పోయేదాకా చెప్పింది. దీపాలు పెట్టేవేళకు, ఇంక పోయింది బాపూ, అంది.

"గట్లుంటుండెనా," అన్నాడు వీరభద్రం. మర్నాడు పొద్దున పోయాడు.

పదకొండో రోజు అయ్యాక సుగుణ శారదను కూర్చోబెట్టి, ఆ తుమ్ములో వచ్చింది నీ వాసనేనే అని చెప్పింది. వావిలాకు ఆవిరికి తడిసిన జుట్టు, కొబ్బరినూనె, ఆకు కోసిన చేతుల పసరు, దుప్పటి కింది చెమట. ఐదేళ్ళు మొహంలో మొహం పెట్టి కూసుంటివి, లోపల నువ్వు గాక ఇంకెవలుంటరు అంది. మల్లక్క కూడా అవునంది. శారద తన మోచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. ఏమీ తెలియలేదు.

అడ్తి లైసెన్సు వెంకట్రాజం పెద్దకొడుకు పేరుమీదికి మారింది. ఇంట్లో బావివైపు రెండు గదులు శారదకు రాసిచ్చారు, ఆమె చాలాకాలం అందులో పిల్లలకు ట్యూషన్ చెప్పింది. ఆవిరి గిన్నె మల్లక్కకు ఇచ్చారు, మంచి ఇత్తడిది. వీరభద్రం ఐదేళ్ళు దాచిపెట్టింది ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్న అందరికీ వచ్చింది, గోడవతల ఉన్నవాళ్ళకు కూడా కొంత వచ్చింది. శారదకు తప్ప.